ఇద్దరు కొడుకుల తల్లి

పెద్ద హాలు వెనక, వక్తలు కూర్చునే గది. అక్క, తమ్ముడు. మధ్యమధ్యలో తలుపు తోసుకుని వచ్చే సభ కార్యదర్శి.

"అదే చెబుతున్నానమ్మగారూ, పోయినసారి మీరు ఏడ్చింది చాలా బాగా వచ్చింది. కాకపోతే కాస్త తొందరపడ్డారు. పెద్దబ్బాయి సంగతి చెబుతూనే ఏడ్చేశారు. ఈసారి ఆపుకోండి. చిన్నబ్బాయి దగ్గరకి వచ్చాక, 'కనీసం వాడి శవమైనా ఇవ్వలేదు' అంటారే, అక్కడ ఏడవండి. అప్పుడు జనం లేస్తారు."

"లేవకపోతే?"

"ఎందుకు లేవరు? ముందు వరసలన్నీ మనవాళ్లే."

"ఏడుపు కుళాయి కాదు కదండీ, తిప్పగానే రావడానికి."

"మీకేం తల్లీ, మీరు వీరమాత. ఇద్దరు కొడుకుల్ని దేశానికిచ్చిన మనిషి మైకు ముందు నిలబడితే చాలు, రేపు శాసనసభలో యుద్ధం మీద ఓటు అటూ ఇటూ కాదు. ఆ రోజు సరిహద్దు కొండ మీద ఠాణాలో పోయిన మిగతా కుర్రాళ్ల తల్లులు మీ వెనక నిలబడతారు. ఒకావిడకి దగ్గు. ఆవిణ్ణి చివరికి జరిపాను, మైకుకి వినపడకుండా."

"ఆవిణ్ణి నా పక్కనే పెట్టండి. కొడుకుని పోగొట్టుకున్న మనిషి దగ్గితే మీకొచ్చిన నష్టమేంటి?"

"చిత్తం, చిత్తం. ఎవరయ్యా అది, చెప్పాపెట్టకుండా... ఓహో, ప్లీడరుగారా! తమరి గది అటుపక్కండీ. యుద్ధం వద్దనేవాళ్లందరికీ ఎడమవైపు గది ఇచ్చాం. దానికి ఫ్యాను కూడా ఉంది."

"మా అక్కతో మాట్లాడాలి."

"వేదిక మీద ఎదురెదురుగా మాట్లాడబోతున్నారుగా? అక్కాతమ్ముళ్ల వాదన అనేగా ఊరంతా వచ్చి కూర్చుంది. ఇక్కడే తేల్చేసుకుంటే టీవీవాళ్లకి నేనేం చూపించను?"

"కార్యదర్శిగారూ, వాడు నా తమ్ముడు. మీరు కాసేపు బయట ఉండండి."

"కాసేపే తల్లీ. హాలు నిండిపోయింది."

"తలుపు వేసి రా. కూర్చో. ఆ కుర్చీ కాదు, అది ఊగుతుంది. ఏమైనా తిన్నావా?"

"లేదు. అక్కా, నేను..."

"తినకపోవడమే మంచిదిలే. నీకు సభంటే చిన్నప్పట్నుంచీ పడదు. బళ్లో పద్యం చెప్పమంటే వాంతి చేసుకున్నావు. ఆ వాంతి నేనే కడిగాను. అలాంటివాడివి ప్లీడరెలా అయ్యావో ఏమో."

"నువ్వు చదివిస్తే అయ్యాను. బస్సులో నిలబడి టికెట్లు కొట్టి చదివించావు. అది మర్చిపోయిన రోజు లేదు. ఇప్పుడు నా మాట విను."

"ముందు నువ్వు చెప్పు. నా మీద ఏం మాట్లాడబోతున్నావు? బస్సు కండక్టరుకి యుద్ధం గురించి ఏం తెలుసు అంటావా?"

"అక్కా, చిన్నాడు బతికే ఉన్నాడు."

"తలుపు గడియ పడిందో లేదో చూడు."

"అక్కా, విన్నావా? మన చిన్నాడు బతికి..."

"విన్నాను. ఆ నీళ్లు ఇలా అందుకో."

"మెల్లగా తాగు. ఇలా కూర్చో. ఏడుపొస్తే ఏడువు, ఎవరూ లేరు."

"చిన్నబ్బాయి దగ్గరకి వచ్చాక ఏడవమన్నాడుగా ఆయన. వేదిక మీద."

"నీకు నమ్మకం కుదరటం లేదు. నాకూ అలాగే అయింది. రెండువైపులా తిరిగి గాయపడ్డవాళ్లని చూసే డాక్టర్లున్నారు చూడు, వాళ్లు ఫోన్ కలిపారు. నేనే మాట్లాడాను. ఏటికి అవతలి ఒడ్డున ఊరుంది, అక్కడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ రోజు ఠాణా గోడ కూలి మీద పడిందట. వాళ్లే తవ్వి తీశారట."

"ఎవరు?"

"వాళ్లే. అవతలివాళ్లు. మన రేడియో ఏమో పట్టుకుపోయి చంపేశారంది. చంపలేదు, కట్టు కట్టారు."

"ఊఁ."

"కాలొకటి... మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. కానీ మనిషి హుషారుగానే ఉన్నాడక్కా. 'ఇక బస్సెక్కితే ముందు సీటు నాదే మామయ్యా, అమ్మ కూడా నన్ను లేపలేదు' అని నవ్వాడు. నీకు ఫోన్ కలపమని చెప్పనా అంటే వద్దన్నాడు. నువ్వే వెళ్లి మెల్లగా చెప్పు అన్నాడు."

"అలా అన్నాడా?"

"అలాగే అన్నాడు. నువ్వేమీ అడగవేం అక్కా? ఏం తింటున్నాడు, ఎవరు చూసుకుంటున్నారు, ఎప్పుడొస్తాడు..."

"ఎప్పుడొస్తాడు?"

"ఎల్లుండి. వంతెన మీద అప్పగిస్తామన్నారు. రేపు మనవాళ్లు యుద్ధమని ప్రకటించకపోతే."

"ప్రకటిస్తే?"

"ప్రకటిస్తే ఆ వంతెనే ఉండదు. ఆసుపత్రిని ఆనుకునే వాళ్ల మందుగుండు గోదాము ఉంది. మన విమానాలు మొదట వెళ్లేది దాని మీదకే. రహస్యమేం కాదు, టీవీలో పటం పరిచి మరీ చూపిస్తున్నారుగా, ఇక్కడొకటి వేస్తాం, అక్కడొకటి వేస్తాం అని, పేకముక్కలు పంచినట్టు."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఏది?"

"చిన్నాడి సంగతి."

"మధ్యాహ్నం."

"నా మొహం చూసి చెప్పు."

"మధ్యాహ్నమే అక్కా."

"టికెట్ కొననివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు. నువ్వు ఇప్పుడు అలా చూస్తున్నావు. ఎప్పుడు?"

"నిన్న."

"నిన్నెప్పుడు?"

"నిన్న పొద్దున. అక్కా, అది నా ఒక్కడి నిర్ణయం కాదు. మా శాంతి సంఘంవాళ్లు ఆగమన్నారు. వేదిక మీదే చెబుదాం, ముందు నువ్వు మాట్లాడనిద్దాం, ఆ తర్వాత నేను లేచి..."

"నేను నా బిడ్డ శవమైనా చూపించండి బాబూ అని గుండెలు బాదుకున్నాక, నువ్వు తీరిగ్గా లేచి, వాడు బతికే ఉన్నాడు అంటావు. జనం నోళ్లు తెరుచుకుని చూస్తారు. బాగుంది. కార్యదర్శికి కూడా తట్టలేదు ఇంత మంచి ఆట."

"నేను ఒప్పుకోలేదు."

"ఒక రాత్రంతా ఒప్పుకున్నావుగా."

"తప్పే. ఆ రాత్రి నిద్రపోలేదు నేను. అందుకే ఎవరికీ చెప్పకుండా ఇలా వచ్చాను. నన్ను తిట్టు, కొట్టు. కానీ ఎన్ని వేల ప్రాణాలక్కా..."

"వేల ప్రాణాలా? నీ కొడుక్కి సైన్యం నుంచి పిలుపు వచ్చిందటగా?"

"ఎవరు చెప్పారు?"

"వచ్చిందా లేదా?"

"వచ్చింది. వాడికి పిలుపు రాకముందు కూడా నేను యుద్ధం వద్దనే అన్నాను."

"అన్నావు. ఇంట్లో కూర్చుని అన్నావు. పిలుపు వచ్చాక వేదికెక్కావు."

"సరే, అలాగే అనుకో. నా కొడుకు చావకూడదని వేదికెక్కాను. దాంట్లో తప్పేముంది? నువ్వు చెప్పు, ఈ యుద్ధం దేనికి? మొదట కొండ మనదన్నారు. ఆ కొండ మీద గడ్డి కూడా మొలవదని తేలాక, చిన్నాడి శవం ఇవ్వలేదన్నారు. ఇప్పుడు బుద్ధి చెప్పాలంటున్నారు."

"బోర్డులు మారుస్తుంటారు. బస్సు వెళ్లేది ఒక్క ఊరికే."

"ఆ ఊరేదో చెప్పమనే అడుగుతున్నాను. గెలిస్తే ఏమొస్తుంది? పెద్దాడు తిరిగొస్తాడా?"

"రాడు. వాళ్ల ఇళ్లలో పెద్దకొడుకులు కూడా పోతారు."

"అది న్యాయమా?"

"న్యాయం చదువుకున్నది నువ్వు. నాకు ఒక్కటే తెలుసు. వాడి పెట్టె మా గుమ్మంలో దించినప్పుడు వీధి కుక్క కూడా మొరగలేదు. ఆ నిశ్శబ్దం వాళ్ల వీధుల్లో కూడా దిగాలి. వాళ్ల తల్లులు కూడా మైకు ముందుకొచ్చి, ఎక్కడ ఏడవాలో ఎవడో చెబితే అక్కడ ఏడవాలి."

"అవతల పసిపిల్లలుంటారక్కా."

"పసిపిల్లలే ఎదిగి తుపాకులు పట్టుకుంటారు."

"ఇది నువ్వేనా? బస్సులో ఎవరి పిల్ల ఏడ్చినా టికెట్ మిషను పక్కన పెట్టి ఎత్తుకునేదానివి."

"ఆ బస్సు దిగిపోయానురా."

"అమ్మగారూ! క్షమించాలి, ఒక్క మాట. గాలీ వెలుతురూ కూడా చొరబడకుండా తలుపేసుకున్నారే. మంత్రిగారి మనిషి వచ్చి కూర్చున్నారు. ఒక చిన్న సందేహం. జనంలోంచి ఎవరైనా లేచి, ఈ యుద్ధం లక్ష్యమేంటని అడిగితే..."

"మీరేం చెప్పమంటారు?"

"ఏమీ చెప్పొద్దు. అడిగినవాడి వైపు ఊరికే చూడండి. పోయిన సభలో ఒక బడిపంతులు అడిగితే మీరు చూశారే, ఆ చూపుతోనే మిగతా పని జనం చూసుకున్నారు."

"ఆయనకేమైంది?"

"ఏమీ కాలేదమ్మా. పళ్లు."

"పళ్లా?"

"ముందువి. రెండే. కట్టించుకుంటే అన్నం తినొచ్చు, పాఠం చెప్పడమే కాస్త కష్టం. ప్లీడరుగారూ, తమరు మాత్రం వేదిక మీద నవ్వకండి. నవ్వితే జనానికి పళ్లే కనిపిస్తాయి."

"బెదిరిస్తున్నారా?"

"అయ్యో, ఎంతమాట. మీరు వీరమాత తమ్ముడు. మీ ఒంటి మీద ఈగ వాలనిస్తామా? ఆవిడ చెయ్యెత్తి ఆపినంతసేపూ. వస్తానమ్మా. ఇక పిలిచేస్తారు."

"విన్నావా అక్కా? వీళ్లతో నిలబడ్డావు నువ్వు."

"నీతో నిలబడ్డవాళ్లు ఒక రాత్రి నా కొడుకుని దాచారు. వీళ్లు ఇంకా అంతపని చేయలేదు."

"దెప్పు. దెప్పాల్సిందే. ఇంకో సంగతి కూడా ఉంది. చిన్నాడు చెప్పాడు..."

"వద్దు."

"ఏమిటో వినకుండానే వద్దంటావేం?"

"నీ మొహమే చెబుతోంది. వద్దు."

"వినాలక్కా. రేపు ఎవరో వీధిలో చెబితే వినడం కంటే నా నోట వినడం నయం. ఆ రోజు మొదట కాల్చింది మనవాళ్లే. మనవాళ్లంటే... పెద్దాడే."

"ఊఁ."

"తెల్లవారుజామున బాగా మంచు పట్టిందట. ఏటి దగ్గర ఏదో కదిలింది. ఆగన్నా, కాస్త వెలుగు రానీ అని చిన్నాడు వాడి చెయ్యి పట్టుకున్నాడట. వినలేదు. మంచు విడిపోయాక చూస్తే మేకలు. మేకల మధ్యలో ఆడపిల్లలు. ముగ్గురు అక్కచెల్లెళ్లు. ఆ తర్వాతే అవతలి నుంచి గుండ్లు వచ్చి ఠాణా మీద పడ్డాయి."

"సరిహద్దులో ఎవరు కాయమన్నారు మేకల్ని?"

"మేకలకి సరిహద్దు తెలుస్తుందా?"

"కన్నతల్లికి తెలియాలి."

"అక్కా! ఆ పిల్లల్లో చిన్నదానికి ఇంకా పాలపళ్లు కూడా ఊడలేదట. చిన్నాడు ఆ మాట చెప్పి ఏడ్చాడు. కాలు పోయిందని చెప్పి నవ్వినవాడు, అది చెప్పి ఏడ్చాడు. నీకేం అనిపించడం లేదా? కనీసం ఉలిక్కిపడవేం?"

"ఉలిక్కిపడే ఓపిక అయిపోయింది. వాడు ఇక్కడికొస్తే ఇదంతా చెబుతాడా?"

"అడిగితే చెబుతాడు."

"అడక్కపోయినా చెబుతాడు. చిన్నప్పుడు గ్లాసు పగలగొడితే ముక్కలు చేత్తో పట్టుకుని ఎదురొచ్చేవాడు, నేనే అమ్మా అని. పెద్దాడు అలా కాదు. మంచం కింద దూరేవాడు. వాడికి భయంరా. వానకి ఉరిమితే నా కొంగు వదిలేవాడు కాదు. అలాంటివాడి చేతికి తుపాకి ఇచ్చి కొండ మీద కూర్చోబెట్టారు. భయపడ్డాడు. కాల్చాడు. అంతే."

"అంతే అని ఆ పిల్లల తల్లితో అనగలవా?"

"ఆవిడతో నాకేం పని? నాకు ఆ దగ్గే ఆవిడతో పని. బయట నిలబడి ఉంది చూడు, నా పక్కన నిలబడటానికి. రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి నా భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తుంది. తన కొడుకు పోయింది నా కొడుకు వల్లే అని ఆవిడకి తెలిస్తే? మిగతావాళ్లందరికీ తెలిస్తే? వీధికి పెద్దాడి పేరు పెట్టారు, చెరిపేస్తారు. బళ్లో ఫోటో దించేస్తారు. ఆడపిల్లల్ని చంపినవాడి తల్లి అని నా మొహాన ఉమ్మేస్తారు. నా మొహం సంగతి సరే. వాడి సమాధి మీద?"

"మేం పెద్దాడి సంగతి బయటపెట్టం. మాట ఇస్తున్నాను."

"ఏంటీ?"

"నువ్వు వేదికెక్కి, నా చిన్నకొడుకు బతికున్నాడు, నాకు యుద్ధం వద్దు అని ఒక్క మాట అను. పెద్దాడి సంగతి మాలో ఎవరూ ఎత్తరు. వాడి పేరు వీధికి అలాగే ఉంటుంది."

"బేరమా?"

"బేరమే అనుకో."

"మరి చిన్నాడి నోరో?"

"నేను నచ్చజెబుతాను. వాడు నా మాట వింటాడు."

"అంటే నిజం చెప్పేవాడి నోట్లో గుడ్డలు కుక్కి నువ్వు శాంతి తెస్తావు. నేను కుక్కితే మాత్రం పాపం."

"నేను వాణ్ణి బతికించుకోవడానికి..."

"వాడు ఊరుకోడురా. నువ్వు చెబితే నాలుగు రోజులు ఊరుకుంటాడు. తర్వాత ఆ దగ్గే ఆవిడ ఎదురుపడి, నా కొడుకు ఎలా పోయాడు బాబూ అని అడుగుతుంది. వాడికి అబద్ధం రాదు."

"అయితే? పోయినవాడి పేరు కోసం బతికున్నవాణ్ణి చంపుకుంటావా?"

"గట్టిగా అరవకు."

"అరుస్తాను. చంపుకుంటావా? ఆ ఆసుపత్రి మీద బాంబు పడాలని అడగడానికి వెళ్తున్నావా నువ్వు మైకు ముందుకి?"

"పెద్దాడికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు. చిన్నాడికి నువ్వున్నావు, డాక్టర్లున్నారు, నిజం ఉంది. వాడికి చాలామంది."

"నీకు మతి పోయింది. పెద్దాణ్ణి సైకిలు ఎక్కించి తొక్కడం నేర్పింది నేను. వాళ్లిద్దరూ నాకూ కొడుకులే. పెద్దాడు బతికుంటే నువ్వు చేసే పనికి నీ మొహం చూసేవాడు కాదు."

"బతికుంటే కదా."

"సరే. అయితే ఇదీ విను. నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఇవాళ చిన్నాడు ఈ సభలో మాట్లాడతాడు. ఏర్పాటంతా అయిపోయింది. నా వంతు రాగానే డాక్టర్లు ఆసుపత్రి నుంచి ఫోన్ కలుపుతారు. ఫోన్ తీసుకెళ్లి మైకు దగ్గర పెడతాను. ఊరంతా వింటుంది."

"ఊరు వింటే సరిపోదు. అది వాడి గొంతేనని నేను చెప్పాలి."

"చెబుతావు."

"శత్రువులు ఎవడిచేతో చిలక పలుకులు పలికిస్తున్నారంటాను. కొడుకుని పోగొట్టుకున్న తల్లితో ఆటలాడతారా అంటాను. తల్లి కాదన్నాక ఇక కాదు. అప్పుడు నీ పళ్ల సంగతి కూడా నేను చూడలేను."

"నా పళ్లు పోతే పోనీ. నువ్వు ఆ మాట అనలేవక్కా. నా ఎదురుగా కూర్చుని అనగలవు, ఎందుకంటే నీకు వాడింకా చచ్చినవాడే. నేను చెప్పిన మాటలే తప్ప నువ్వు వాడి గొంతు వినలేదు."

"అమ్మగారూ, పిలుస్తున్నారు! 'వీరమాత, వీరమాత' అని హాలు ఊగిపోతోంది. రండి తల్లీ, ఆ కొంగు సర్దుకోండి."

"వస్తున్నాను, తలుపు దగ్గర ఉండండి. జరుగు తమ్ముడూ, దారివ్వు."

"ఇవ్వను. మైకులో ఒక్కసారి వాడు 'అమ్మా' అననీ. ఆ పిలుపు విన్నాక నువ్వు వాణ్ణి కాదను, అప్పుడు ఒప్పుకుంటాను నువ్వు గెలిచావని. అనలేవు. ప్రపంచంలో ఏ తల్లీ అనలేదు."

"అన్నాడురా. నీకు ఫోన్ చేయకముందే ఇంటికి చేశాడు. 'అమ్మా' అన్నాడు, వాడి గొంతే. వాళ్లన్న సంగతీ, ఆ ఆడపిల్లల సంగతీ చెప్పాడు. అంతా విని, కళ్లు తుడుచుకుని, 'రాంగ్ నంబరు బాబూ' అని పెట్టేశాను."